గొంతులో గరగర ఉంటే చాలు, ఆగిపోవాలా?

కిటికీపక్క:
కోవిడ్ నాటి ఓ విషయం నన్నింకా వదల్లేదు. 2022లో ఒంట్లో బాగాలేని మా పెద్దమ్మని చూడ్డానికి బయల్దేరే రోజు పొద్దున గొంతులో కాస్త గరగర. జ్వరం లేదు. ఇంట్లో టెస్ట్ చేసుకుంటే ఒక్క గీతే వచ్చింది. ఫోన్ టార్చ్ వేసి, స్ట్రిప్పును అటూ ఇటూ తిప్పి, రెండో గీత ఉందేమోనని చూశాను. ఉన్నట్టే అనిపించింది, లేనట్టూ అనిపించింది. ప్రయాణం మానుకున్నాను. తర్వాత చేసుకున్న టెస్టులోనూ ఏమీ లేదు. నెల తిరక్కుండానే పెద్దమ్మ పోయింది. చివరిచూపు దక్కలేదు. నేను చేసింది బాధ్యతా, భయమా? సరిగ్గా తెలియనప్పుడు మనిషి ఎంతవరకు ఆగాలి?

రాత్రిడ్యూటీ:
మీ బాధ అర్థమైందండీ. అయినా అనవసరంగా ఆగారనే అంటాను. జ్వరం లేదు, టెస్ట్ నెగెటివ్. ఇంకేం కావాలి? నేను సెక్యూరిటీ పని చేసేవాణ్ణి. అనుమానం వచ్చినప్పుడల్లా ఇంట్లో కూర్చుంటే జీతం కోతే. మామూలు జనానికి మాస్కు అవసరం లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 జూన్‌లో దూరం పాటించలేని చోట పెట్టుకోమంది. అంత పెద్దవాళ్లకే తేలని విషయాన్ని నా నెత్తిన పెడితే ఎలా?

ల్యాబ్‌మనిషి:
కొత్త సంగతులు తెలిసేకొద్దీ సలహా మారింది, అందులో తప్పులేదు. ఈ వైరస్‌తో చిక్కల్లా ఇదే: లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల ముందే అవతలివాళ్లకు అంటుకోగలదు. ర్యాపిడ్ టెస్టేమో ముక్కులో వైరస్ బాగా పెరిగితే గానీ పట్టుకోలేదు. నెగెటివ్ వచ్చినా 48 గంటలాగి మళ్లీ చేసుకోమన్నది అందుకే. మొదటి రోజు ఒక్క గీత వస్తే వైరస్ లేదని కాదు, ఇంకా దొరకలేదని కూడా కావచ్చు. కిటికీపక్క గారు ఆగి మంచిపనే చేశారు.

రాత్రిడ్యూటీ గారి జీతం మాట దగ్గర నాకు మేరీ మాలన్ గుర్తొస్తుంది. న్యూయార్క్‌లో వంటమనిషి. ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నా లక్షణాల్లేవు, తనకే జబ్బూ లేదనే నమ్మింది. ఇక వంట చేయనని మాటిచ్చాక 1910లో నిర్బంధం నుంచి వదిలారు. బట్టలుతికే పనిలో రాబడి తక్కువ. పేరు మార్చుకుని మళ్లీ వంటకు చేరింది. 1915లో ఓ ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి సోకి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత 1938లో పోయేదాకా ఆమెను నిర్బంధంలోనే ఉంచారు. ఆమె తప్పు చిన్నదేం కాదు. కానీ వంట మానమన్నవాళ్లు, ఆ జీతమొచ్చే ఇంకో పని చూపించాలి కదా!

రాత్రిడ్యూటీ:
నేను చెప్పేదీ అదే. జీతం కొయ్యకుండా రెండు రోజులు సెలవిచ్చుంటే నేనూ ఆగేవాణ్ణి. ఒకరోజు ఒళ్లు వెచ్చగా ఉంటే మాత్ర వేసుకుని వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికెళ్లే ప్రతి ఒక్కరికీ జ్వరం చూసింది నేనే. ఎవరికైనా అంటించానేమో ఇప్పటికీ తెలియదు.

కిటికీపక్క:
ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ రోజు నాకు జీతం పోలేదు. ఆగగలిగానంటే అదీ ఒక కారణమే, ఇన్నాళ్లూ ఆలోచించనేలేదు. మళ్లీ అలాంటి పొద్దున వస్తే ఆగుతాను. కాకపోతే వెంటనే వీడియో కాల్ చేస్తాను. ఆ రోజు రాలేనని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను, మొహం చెల్లక.