ఆఫీసు వీపీఎన్‌ని రౌటర్ ‘ఫైల్ షేరింగ్’ అంటోంది, మీటింగులో గొంతు తెగిపోతోంది

ఎంవీపీ కాలనీ:
నమస్కారమండీ. మా ఆఫీసు హైదరాబాద్‌లో, నేను వైజాగ్‌లో ఇంటి నుంచే పని. 50 ఎంబీ ఫైబర్ ప్లాన్. పాత రౌటర్ పోతే రెండు నెలల కిందట కొత్తది కొన్నాం. ఏ పరికరం ఏం చేస్తోందో యాప్‌లో చూపించి, ముఖ్యమైనదాన్ని ముందు పంపే క్యూఓఎస్ ఉందని మా అబ్బాయి ఆన్ చేశాడు. అప్పట్నుంచి సాయంత్రం 6 దాటితే మీటింగులో నా మాట ముక్కలుముక్కలుగా వెళ్తోందట. వాళ్ల మాట నాకు శుభ్రంగా వినబడుతుంది. స్పీడ్ టెస్టులో 48 వస్తోంది. నిన్న యాప్ తెరిస్తే నా ఆఫీసు లాప్‌టాప్ ఎదురుగా ‘ఫైల్ షేరింగ్’ అని ఉంది! టోరెంట్ మొహం కూడా నేనెప్పుడూ చూళ్లేదు. లాప్‌టాప్‌లో ఏదైనా వైరస్ దూరిందా? ఆఫీసులో చెప్పాలంటే భయంగా ఉంది.

గాజువాక:
ప్లాన్ 100కి పెంచేయండి మేడమ్, పోద్ది.

మధురవాడ:
ఆగు తమ్ముడూ, ఆవిడ డబ్బులు అప్పుడే ఖర్చు పెట్టించకు. మాట ఒక్కటే అయితే సెకనుకి 100 కిలోబిట్లు చాలు, 48 మెగాబిట్లు ఉండగా చోటు చాలకపోవడమేంటి? మేడమ్, మీ మాటే తెగి వాళ్ల మాట బాగుందంటే గొడవ అప్‌లోడ్ వైపు ఉంది. వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసే గుప్త సొరంగం) ఆన్‌లో ఉండగానే కాల్ మాట్లాడతారా? 6 గంటలకి ఇంట్లో కొత్తగా ఏం మొదలవుతుంది? ఈరోజు కాల్ తెగేటప్పుడు అబ్బాయి కంప్యూటర్ నుంచి గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ పెట్టి (జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొస్తుందో చెప్పే పరీక్ష) చూడండి.

ఎంవీపీ కాలనీ:
అవును, వీపీఎన్ లేకపోతే ఆఫీసువి ఏవీ తెరుచుకోవు. 6కి మావారు వస్తారు, ఫోన్ ఛార్జింగ్‌కి పెడతారు. ఫొటోల బ్యాకప్ వైఫైలో ఛార్జింగ్ ఉన్నప్పుడే జరిగేలా పెట్టుకున్నారు. ఇప్పుడే చూశాను: బ్యాకప్ నడుస్తోంది, నా మాట తెగుతోంది, కానీ పింగ్ మాత్రం 9, 9, 10, 9. కదల్లేదు.

మధురవాడ:
దొరికింది. లైనే నిండిపోతే పింగ్ కూడా వందల్లోకి పోవాలి. అది హాయిగా నడుస్తూ మీ వీపీఎన్ ఒక్కటే చిక్కుకుందంటే, రౌటర్ దాన్ని కావాలని వెనక్కి నెడుతోంది. చాలా క్యూఓఎస్‌లు పింగ్‌ని అన్నిటికంటే ముందు పంపేస్తాయి కూడా, అందుకే మీ స్పీడ్ టెస్టూ పింగూ రెండూ మిమ్మల్ని తప్పుదారి పట్టించాయి.

వైరస్ భయం వదిలేయండి. ఆ పేరు రౌటర్ ఊహించి పెట్టింది. పోర్టు గేటు దగ్గర సీలు వేసిన కంటైనర్ వచ్చిందనుకోండి. గార్డుకి లోపలిది కనపడదు. ఏ గేటుకి వచ్చింది, ఎంత బరువు, ఎన్నిసార్లు తిరుగుతోంది, ఇంతే చూడగలడు. మామూలు వెబ్‌సైట్ అయితే కంటైనర్ మీద చీటీ అయినా ఉంటుంది: కనెక్షన్ మొదట్లో వెళ్లే హలోలో సైటు పేరు బాహాటంగానే పోతుంది, దాన్ని ఎస్ఎన్ఐ అంటారు. రౌటర్ అది చదివి ఇది వీడియో, ఇది ఫొటోలు అని రాసుకుంటుంది. వీపీఎన్‌లో ఆ చీటీలన్నీ సొరంగం లోపలే. మీ కాల్, మెయిల్, షేర్డ్ ఫోల్డర్ సింక్ అన్నీ కలిసి ఒక్క యూడీపీ (అందిందన్న జవాబు కోసం ఆగకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) ప్రవాహంలా బయటికొస్తాయి. తెలియని పోర్టు (నెట్‌లో ఒక్కో సేవకి ఉండే గేటు నంబరు), గంటల తరబడి ఆగకుండా, రెండు వైపులా పెద్ద ప్యాకెట్లు. టోరెంట్ వాలకం కూడా అచ్చం అలాగే ఉంటుంది మరి. వీపీఎన్ రకాల్లో వైర్‌గార్డ్ 51820లో, ఐపీసెక్ 4500లో ఉంటే కొన్ని రౌటర్లు పోల్చుకుంటాయి. మీ ఆఫీసు వాళ్లు వేరే పోర్టు పెట్టుకుని ఉంటే ఆ ఆధారమూ లేదు.

ఇందులో తమాషా ఏంటంటే, అసలు బరువైన సరుకు మీవారి ఫొటోలే. అవి వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదుగా వెళ్తాయి కాబట్టి మీ రౌటర్ వాటిని వెబ్ బ్రౌజింగ్ కింద వేసి మీకంటే ముందు పంపిస్తూ ఉండాలి. యాప్‌లో ఆయన ఫోన్ ఎదురుగా ఏముందో చూడండి.

ఎంవీపీ కాలనీ:
‘బ్రౌజింగ్’ అనే ఉంది 😀

సీతమ్మధార:
ఒక్క సందేహం. రౌటర్ పెట్టె మీద ‘డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్’ అని గొప్పగా రాస్తారు కదా. అంటే మన ఆఫీసు ఫైళ్లు చదివేస్తుందా?

మధురవాడ:
లేదండీ. లోపలిది చదవాలంటే మీ లాప్‌టాప్‌లో దాని సర్టిఫికెట్ మీరే వేసి నమ్మమని చెప్పాలి, ఇంటి రౌటర్లలో అలా ఉండదు. క్విక్ అనే కొత్త వెబ్ కనెక్షన్ పద్ధతిలో మొదటి ప్యాకెట్‌కీ గుప్తీకరణ ఉంది గానీ, దాని తాళంచెవి ఆ ప్యాకెట్‌లోని కనెక్షన్ నంబరు నుంచే తయారవుతుంది. అందుకని దారిలో ఉన్న పెట్టె ఏదైనా దాన్ని విప్పి సైటు పేరు చూడొచ్చు. అంతకుమించి చూడలేదు. ఈసీహెచ్ (ఆ మొదటి హలోని కూడా గుప్తీకరించే పద్ధతి) వాడిన చోట ఆ పేరు కూడా దాగిపోతుంది, అప్పుడు రౌటర్ల ఊహలు ఇంకా తప్పుతాయి.

మేడమ్, ఇప్పుడు ఆ యాప్‌వారీ క్యూఓఎస్ పూర్తిగా ఆపేసి బ్యాకప్ నడుస్తుండగానే మళ్లీ పింగ్ చూడండి.

ఎంవీపీ కాలనీ:
ఆపాను. మాట కొంచెం నయం, కానీ పింగ్ ఇప్పుడు 340కి పోయింది! ఇదేం గోలండీ?

మధురవాడ:
మంచిదే, ఇప్పుడు నిజం బయటపడింది. ఫొటోలు అప్‌లోడ్ మొత్తం నింపేస్తుంటే ప్యాకెట్లు ఫైబర్ పెట్టెలో క్యూ కడుతున్నాయి. ఆ క్యూ మన రౌటర్‌లోనే ఉండాలంటే, రౌటర్‌కి లైను వేగం కాస్త తక్కువ చేసి చెప్పాలి. పరికరంవారీ ప్రాధాన్యం అనేది ఉంటే అది ఎంచుకోండి. మొత్తం వేగం అడిగిన చోట అప్‌లోడ్ 45, డౌన్‌లోడ్ 45 రాసి, మీ లాప్‌టాప్‌కి మొదటి స్థానం ఇవ్వండి. అప్పుడు రౌటర్‌కి లోపలేముందో ఊహించే పని ఉండదు, ఏ పెట్టె నుంచి వచ్చిందో చూస్తే చాలు.

అక్కయ్యపాలెం:
కుదిరితే లాప్‌టాప్‌కి ల్యాన్ వైరు కూడా వేసేయండి. వైఫైలోనూ ఇలాంటి పొరపాటే ఒకటుంది. కాల్ ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ (ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పే అంకె) 46 అని మాట గుర్తు వేసి పంపినా, చాలా పరికరాలు మొదటి మూడు బిట్లే చూసి 5గా లెక్కేసి వీడియో క్యూలో పడేస్తాయి. దాన్ని మాట క్యూలోకే వేయమని 2018లో ఆర్ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది, పాటించేవాళ్లు పాటిస్తున్నారు. వీపీఎన్ పైకవరు మీద ఆ గుర్తు ఉంటుందో లేదో అదో కథ.

ఎంవీపీ కాలనీ:
45 పెట్టాను, వైరు మాత్రం హాల్లోంచి లాగాలి, ఆదివారం చేస్తాం. ఈరోజు 6:30 మీటింగు ముప్పావుగంట నడిచింది, ‘మేడమ్ వినబడట్లేదు’ అని ఎవరూ అనలేదు. మధ్యలో చూస్తే పింగ్ 11, 14, 12. ఫొటోల బ్యాకప్ కూడా పోతూనే ఉంది. చాలా థాంక్సండీ.

గాజువాక:
అన్నా, నా రౌటర్‌లో వేగం రాసే చోటే లేదు మరి. నాకేటి దారి?

మధురవాడ:
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కుతుందేమో మోడల్ నంబరు పెట్టు, చూద్దాం. ఎక్కితే అందులో ఎస్‌క్యూఎం (క్యూని అదుపులో పెట్టేది) వేసి, అందులో కేక్ అనే పద్ధతి ఎంచుకుంటే సరి. ఎక్కకపోతే మీటింగు ఉన్నంతసేపు బ్యాకప్ ఆపుకోవడమే తమ్ముడూ. 100 ప్లాన్ తీసుకున్నా ఫోను ఆ 100నీ నింపేస్తుంది.