పైపులో కెమెరా మునిగిన చోటు: కుంగుదలా, వేర్ల అడ్డా?

ప్రొద్దుటూరులో నల్లరేగడి నేలపై కట్టిన మా ఇంట్లో, మరుగుదొడ్డి పక్కనున్న ఛాంబరు నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా 38 అడుగుల పొడవున 4 అంగుళాల పీవీసీ పైపు ఉంది. స్నానాల నీరూ అందులోనే కలుస్తుంది. రెండు నెలలుగా ఉదయం 6 నుంచి 8 గంటల మధ్య, ముగ్గురు వరుసగా స్నానం చేసేసరికి, బేసినులో నీరు అంచుదాకా పొంగి, గుడగుడమంటూ అరగంటకు గానీ దిగడం లేదు.

ట్యాంకు ఖాళీ చేయించినా నాలుగో రోజుకే మళ్లీ అదే తంతు. ఛాంబరుపై కడప బండ లేపి వెదురుబద్దలు తోయించాము; యాసిడ్ కూడా పోశాము, అది తొందరపాటే.

చివరకు గత వారం ట్యాంకును రెండోసారి ఖాళీ చేయించిన రోజే పైపులోకి కెమెరా పంపించాము. 22వ అడుగు దాకా పైపు అడుగున సన్నని ధార మాత్రమే ఉంది. అక్కడి నుంచి 26వ అడుగు వరకు కెమెరా నీటిలో మునిగి తెరంతా మట్టిరంగుకు తిరిగింది. పైకి తేలిన వెంటనే, 27వ అడుగు వద్దనున్న అతుకులోంచి జడపాయల్లా వేలాడుతున్న వేపవేర్లు, వాటికి చిక్కుకున్న గుడ్డపీలిక కనిపించాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నందున అది వెనక్కి తన్నిన నీరు కాదు.

పైపు కుంగిందని, మొత్తం మార్చాలని కెమెరా తెచ్చినవారు అంటున్నారు. వేర్లు కోస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. పైన సిమెంటు గచ్చు ఉన్నందున తవ్వడం చిన్న ఖర్చు కాదు.

ఆ నాలుగడుగుల నీరు నేల కుంగినందువల్ల నిలిచిందో, వేర్ల అడ్డు వల్ల నిలిచిందో గచ్చు పగలగొట్టకముందే తేల్చుకోవడానికి కెమెరాతో ఏ పరీక్ష చేయించాలి?