రోమన్ చక్రవర్తి మాగ్నెంటియస్ నాణెం కొన్నాను, అసలుదేనా?

ఇంగ్లండ్‌లో ఉంటానండి, నాలుగేళ్లుగా రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ వంశం నాణేలు పోగేస్తున్నాను. మొన్న వేలంలో మాగ్నెంటియస్ పెద్ద కంచు నాణెం దొరికింది. 27 మిల్లీమీటర్లు, 8 గ్రాములకు కాస్త తక్కువ. బొరుసు నిండా కీ-రో గుర్తు (క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపిన క్రైస్తవ చిహ్నం), దానికి అటూ ఇటూ ఆల్ఫా, ఒమేగా, అడుగున ఏఎంబీ అనే అక్షరాలు. బొమ్మ వైపు మాత్రం మకుటం లేదు, ఉత్త తల. నా దగ్గరున్న ఆ వంశపు చక్రవర్తులందరికీ తలమీద ఏదో ఒకటి ఉంది. నకిలీదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఉత్త తల చూసి కంగారు పడకండి, ఆయన కంచు నాణేల మీద అలాగే ఉంటాడు. రాజవంశం వాడు కాదు, సైనికాధికారి. క్రీ.శ. 350 జనవరి 18న ఒతాఁలో (ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఊరు) విందు జరుగుతుండగా చక్రవర్తినని ప్రకటించుకున్నాడు, పారిపోయిన అప్పటి చక్రవర్తి కాన్‌స్టన్స్‌ని మాగ్నెంటియస్ మనుషులు వెంటాడి చంపేశారు. ఏఎంబీ అంటే అమియాఁ, అదీ ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఊరే. అక్కడ టంకశాల పెట్టించిందే మాగ్నెంటియస్, ఆయన పోయాక ఎంతో కాలం నడవలేదు. అందుకే నాకు ఆ మూడక్షరాలంటే ప్రాణం, తిరుగుబాటు మొత్తం అందులోనే ఉంది.

జవాబు 2:
అన్నా, ఈ రకానికి గిరాకీ ఎక్కువ కాబట్టి నకిలీలూ బాగా తిరుగుతున్నాయి. ముందు అంచు చూడు. చుట్టూ సన్నటి అతుకు గీత ఉన్నా, లెన్స్‌లో బుడగల గుంటలు కనిపించినా పోత పోసిందని అనుమానించాలి. నువ్వు పెట్టిన ఫొటోలో అంచు కనిపించడం లేదు.

అడిగినవారు:
ఇప్పుడే చూశాను. గీత లేదు, బుడగలూ లేవు. ఒమేగా పక్కన అంచు నుంచి లోపలికి చిన్న పగులు ఉంది, వెలుతురుకి ఎత్తి పెడితే అవతలి వైపు కనిపిస్తోంది.

జవాబు 2:
అయితే మంచిదే. అచ్చు మీద సుత్తితో కొట్టినప్పుడు కంచు అలా చీలుతుంది. పూర్తిగా తేలాలంటే మాత్రం తెలిసినవాళ్ల చేతికి ఇచ్చి చూపించు.

జవాబు 3:
దీనికి జోడీ ఒకటుంది, తప్పకుండా వెతకండి. మాగ్నెంటియస్ 351 సెప్టెంబర్ 28న ముర్సా (ఇప్పటి క్రొయేషియాలో) దగ్గర కాన్‌స్టన్స్ అన్న, తూర్పు చక్రవర్తి కాన్‌స్టాంటియస్ చేతిలో ఘోరంగా దెబ్బతిన్నాక, ట్రియర్ (ఇప్పటి జర్మనీలో) జనం మాగ్నెంటియస్ తమ్ముడు డెసెంటియస్‌ని ఊళ్లోకి రానివ్వకుండా తలుపులు మూసేశారు. అప్పుడే అక్కడి టంకశాల ఇదే కీ-రో బొరుసుతో కాన్‌స్టాంటియస్ పేరున నాణేలు కొట్టింది, తిరుగుబాటుదారు మీద తిరుగుబాటన్నమాట. 353 ఆగస్టులో లియోన్‌లో మాగ్నెంటియస్ ఆత్మహత్య చేసుకున్నాడు. ట్రియర్ నాణెం మీ దాని కన్నా చాలా అరుదు, నేను ఆరేళ్లు ఆగాల్సి వచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే గుర్తు ఒకటే, తల మాత్రం మారిపోతుంది, కాన్‌స్టాంటియస్‌కి ముత్యాల మకుటం.