నార్డిక్ రెస్టారెంట్లలో సెట్ మెనూ: డబ్బు కట్టి తినేవారికి ఎంపిక లేకపోవడం సమంజసమేనా?

బాటసారి:
కోపెన్‌హాగన్‌లో పేరున్న ఒక నార్డిక్ (డెన్మార్క్, స్వీడన్ వంటి ఉత్తర ఐరోపా దేశాల వంట) రెస్టారెంటులో ఈ వేసవిలో మేము భోజనం చేశాం. టేబుల్ ఖాయం చేసుకున్న రోజే తలకు ఇంతని మొత్తం డబ్బు కట్టించుకున్నారు. వెళ్లి కూర్చున్నాక మెనూ కార్డు ఇవ్వలేదు. ఆ పూట వంటగది ఏం వండాలనుకుందో అదే, వాళ్లు అనుకున్న వరుసలోనే, దాదాపు నాలుగు గంటలపాటు ఒక్కొక్కటిగా వస్తూ పోయింది. స్కాలప్ అనే సముద్రపు గుల్ల పచ్చి మాంసం ముక్కల మీద సీ బక్‌థార్న్ పండ్ల పుల్లటి రసం పోసిన వంటకం వచ్చినప్పుడు, పచ్చివి నాకు సయించవని, వేరే ఏదైనా ఇవ్వగలరా అని అడిగాను. అలర్జీ అయితే ముందుగా చెప్పినవారికి మారుస్తామని, ఇష్టాయిష్టాలను బట్టి మార్చలేమని వడ్డించే ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ పళ్లెం అలాగే వెనక్కి వెళ్లింది.

మర్యాద విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అడుగుతున్నది ఒక్కటే: తినేది నేను, డబ్బు నాది అయినప్పుడు, ఏం తినాలన్న నిర్ణయం మొత్తంగా వండేవారి చేతిలో ఉండటం ఏ విధంగా న్యాయం? మన బంతి భోజనాల్లోనూ ఎంపిక ఉండదు కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడ మనం అతిథులం, ధర కట్టము. పైగా వద్దనుకున్నదానికి విస్తరి మీద చేయి అడ్డం పెడితే సరిపోతుంది, నచ్చినది మారు వడ్డించమని అడగవచ్చు కూడా.

కందిపొడి:
బాటసారి గారూ, నేను స్టాక్‌హోమ్‌లో వంట వృత్తిలోనే ఉన్నాను కనుక లోపలివైపు నుంచి చెబుతాను. 2003లో కోపెన్‌హాగన్‌లో క్లాస్ మేయర్, షెఫ్ రెనే రెడ్జెపి కలిసి నోమా అనే రెస్టారెంటు ప్రారంభించారు. మరుసటి ఏడాది నార్డిక్ దేశాల షెఫ్‌లు 12 మంది పది సూత్రాల ప్రకటన మీద సంతకాలు చేశారు. ఈ నేల, ఈ నీళ్లు, ఈ వాతావరణం ఇచ్చే వాటిలో మేలైన వాటి మీదే వంట నిలబడాలని, భోజనంలో రుతువుల మార్పు కనబడాలని అందులో రాసుకున్నారు. చెప్పడానికి తేలికైన మాటే గానీ, అక్కడి చలికాలం ఎంత పొడవో తెలిసినవారికి అందులోని కష్టం అర్థమవుతుంది. తాజా ఆకు, కాయ, పండు దొరికేది ఏడాదిలో కొద్ది నెలలే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. రామ్సన్ అనే అడవి వెల్లుల్లి ఆకులు వసంతంలో వస్తాయి. పూత రాలాక చిన్న పచ్చి గింజలు కట్టే రోజులు చాలా తక్కువ; ఆ గింజలను ఆ కొద్ది రోజుల్లోనే కోసి, వారాల తరబడి ఉప్పులో ఊరబెట్టి, తర్వాత వెనిగర్‌లో వేసి దాచుకుంటాం. అలాగే బార్లీ మీద పెంచిన కోజీ బూజును మాంసంతో, ఉప్పుతో కలిపి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారాలపాటు మాగబెడితే గారమ్ అనే చిక్కని రసం దిగుతుంది. అంటే జనవరిలో మీ పళ్లెంలో పడే నాలుగు చుక్కల కోసం ఎంత తయారు చేసి ఉంచాలో మేము కిందటి వేసవిలోనే లెక్క వేసుకోవాలి. రాత్రికి ఎంతమంది వస్తారో, ఒక్కొక్కరు ఏం తింటారో కచ్చితంగా తెలియకపోతే ఆ లెక్క కుదరదు. ఇరవై రకాలు రాసిన మెనూ కార్డు పెట్టాలంటే ఇరవై రకాల సరుకూ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అప్పుడు రుతువును పక్కన పెట్టి, ఏడాది పొడవునా ఎక్కడెక్కడి నుంచో దిగుమతి చేసుకునే సరుకు మీద ఆధారపడక తప్పదు.

వేళ కూడా ముఖ్యమే. స్వీడన్‌లోని జెమ్ట్‌లాండ్‌లో 2019 డిసెంబరులో మూతపడిన ఫేవికెన్ రెస్టారెంటులో, మండే జూనిపర్ కొమ్మల మీద కాల్చిన స్కాలప్‌ను నిప్పుల మీద నుంచి తీసిన వెంటనే బల్ల మీదకు తెచ్చేవారు. వచ్చినవారందరూ ఒకే వేళకు, ఒకే వరుసలో తింటున్నారు కనుకనే అది సాధ్యమైంది.

ఉత్తరపుగాలి:
కందిపొడి గారి వివరణలో నిజం ఉంది, కానీ ఆ లెక్కలో మనుషుల చేతులు రాలేదు. ఆ గింజలు కోసేవారు, ఒక్కొక్క ఆకునూ పట్టకారుతో పళ్లెంలో అమర్చేవారు ఎవరు? ఈ స్థాయి వంటగదుల్లో చాలాకాలం పాటు నేర్చుకోవడానికి వచ్చిన యువతీయువకులు జీతం లేకుండా ఆ పని చేశారు. నోమా తన ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది 2022 అక్టోబరులో. అప్పటికే ఆ రెస్టారెంటు ప్రపంచంలో అత్యుత్తమమైనదిగా ఐదుసార్లు ఎంపికైంది, 2021లో మిషలిన్ గైడ్ రెస్టారెంట్లకు ఇచ్చే అత్యున్నత గుర్తింపైన మూడో నక్షత్రమూ అందుకుంది. 2023 జనవరిలో, 2024 చివరికల్లా మామూలు రెస్టారెంటుగా నడపడం ఆపుతామని ప్రకటించినప్పుడు, ఈ పద్ధతి డబ్బుపరంగానూ మనుషులపరంగానూ నిలవదని రెడ్జెపి స్వయంగా ఒప్పుకున్నారు. రుతువు పేరు చెప్పి ఎంపిక తీసేయడాన్ని నేను అంగీకరించగలను. కానీ అందరికీ సరైన జీతం ఇస్తే అసలు నిలబడలేని భోజనాన్ని ఆదర్శమని పొగడటానికి నా మనసు ఒప్పదు. బాటసారి గారు కట్టిన ధర ఎక్కువని కాదు, అందులో పని చేసినవారి వాటా ఎంతో మనకు కనబడదన్నదే నా బాధ.

తులసికోట:
శాకాహారుల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. డెన్మార్క్, స్వీడన్‌లలో ఉద్యోగాలు చేసే మన తెలుగువారిలో మాంసం, చేప ముట్టనివారు చాలామందే ఉన్నారు. కోపెన్‌హాగన్‌లో పార్కెన్ స్టేడియం ఎనిమిదో అంతస్తులో ఉండే జెరేనియం రెస్టారెంటు 2022 మొదట్లో మాంసం పూర్తిగా మానేసిందని విని మా వాళ్లు కొందరు ఎంతో సంబరపడ్డారు. అక్కడ చేపలూ ఇతర సముద్రపు ఆహారమూ కొనసాగుతున్నాయని తెలిసి నీరుగారిపోయారు. నోమా 2018లో కొత్త చోటికి మారాక వేసవి అంతా కూరగాయల మెనూయే పెట్టింది. అంటే ఈ వంటకు మాంసం తప్పనిసరి కాదని, సంకల్పం ఉంటే శాకాహారాన్ని కేంద్రంగా పెట్టుకోగలదని ఆ వంటగదులే చూపించాయి. మాలాంటివారు జాగ్రత్తపడవలసింది కంటికి కనబడని వాటి దగ్గర: కూరగాయల మీద పోసే రసంలో చేప గారమ్ ఉండవచ్చు. సీటు ఖాయం చేసుకునేటప్పుడే "మాంసం తినను" అని ఆపకుండా, చేప, గుల్లలు, వాటితో తీసిన రసాలు కూడా వద్దని విడమరచి రాయాలి.

బాటసారి:
కందిపొడి గారు సరుకు లెక్క చెప్పారు, దానితో నాకు పేచీ లేదు. అయితే అలర్జీ ఉన్నవారి కోసం ఒక ప్రత్యామ్నాయం ప్రతి రాత్రీ సిద్ధంగా ఉంటున్నదని నాకు వడ్డించిన ఆవిడ మాటల్లోనే తేలింది. ముందుగా చెప్పినవారికి, ఇష్టం లేదన్న కారణం మీద అదే ప్రత్యామ్నాయం ఇవ్వడానికి అడ్డేమిటి? నా అభ్యర్థనలు రెండే. ఏవి మారుస్తారో, ఏవి మార్చరో డబ్బు కట్టించుకునే ముందే స్పష్టంగా రాయాలి. అలాగే వారంలో ఒక్క పూటైనా ఐదారు కోర్సులతో, అంటే వరుసగా వచ్చే ఐదారు వంటకాలతోనే, చిన్న మెనూ పెట్టాలి. నాలుగు గంటలు కూర్చోలేని పెద్దవారు కూడా ఆ వంట రుచి చూడగలుగుతారు.

కందిపొడి:
మొదటిది రేపటి నుంచే చేయవచ్చు, చేయాలి కూడా, చేయనివారిది తప్పే. ప్రత్యామ్నాయం మాత్రం ఒకరిద్దరి కోసం ఉంచేది. పచ్చిది సయించదని సగంమంది ముందే రాస్తే, అది రెండో మెనూ అయి కూర్చుంటుంది. చిన్న మెనూ సంగతికి వస్తే, మా వంటగదిలో పూటకు కావలసిన మనుషుల సంఖ్య కోర్సులు తగ్గినంత మాత్రాన తగ్గదు. ధర సగానికి దిగుతుందని మీరు ఆశిస్తారు, జీతాలు మాత్రం పూర్తిగా ఇవ్వాలి. ఉత్తరపుగాలి గారు అడిగిన న్యాయమూ మీరు అడుగుతున్న వెసులుబాటూ ఇక్కడే ఒకదానికొకటి అడ్డు వస్తున్నాయి. ఆ రెంటిలో ఒకటే సాధ్యమైతే, నేను మొదట జీతాల వైపే నిలబడతాను.