ఆఫీసు పనికి, గేములకు ఒకటే మానిటర్: 27 ఇంచుల 1440పి తీస్కోవాల్నా, 32 ఇంచుల 4కే తీస్కోవాల్నా?

క్లాక్‌టవర్_నల్గొండ

అన్నలూ, పగలు ఎక్సెల్, వీఎస్ కోడ్. రాత్రి వాలొరాంట్, జీటీఏ 5. రెండింటికి ఒకటే మానిటర్ కావాలె. సిస్టమ్‌ల ప్రాసెసర్ రైజెన్ 5 5600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా దీనికే పెట్టాలె, దాంట్ల హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్నది. బడ్జెట్ 22 వేలు, జర అటు ఇటు. చూసి పెట్టుకున్నవి మూడు: 27 ఇంచుల 1080పి 180 హెర్ట్జ్ ఐపీఎస్, 27 ఇంచుల 1440పి 180 హెర్ట్జ్ ఐపీఎస్, 32 ఇంచుల 4కే 60 హెర్ట్జ్ వీఏ. (1080పి, 1440పి, 4కే అంటే తెర మీది పిక్సెళ్ల లెక్క, హెర్ట్జ్ అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతదో, ఐపీఎస్, వీఏ అంటే ప్యానెల్ రకాలు.) టేబుల్ లోతు 2 అడుగులే. రూమ్ రేకులది, ఎండాకాలం మస్తు కాలుతది.

పాలమూరు_పిక్సెల్

రెండోదే తీస్కో తమ్మీ.

మొదటిది పనికి అక్కరకు రాదు. 27 ఇంచుల్ల 1080పి అంటే ఇంచుకు 82 పిక్సెళ్లే. 2 అడుగుల దూరంల కూసుంటే ఎక్సెల్ అంకెల అంచులు గరుకుగ కనబడతయ్. అదే సైజుల 1440పి అయితే 109, స్కేలింగ్ (విండోస్‌ల అక్షరాలను పెద్దగ చేసే సెట్టింగ్) 100 శాతం మీదనే హాయిగ చదవొచ్చు. అడ్డం 2560 పిక్సెళ్లు కాబట్టి ఒక పక్క షీటు, ఇంకో పక్క కోడు పడతది.

4కే సంగతికొస్తే కార్డు చూడాలె. 1440పి అంటే దాదాపు 37 లక్షల పిక్సెళ్లు, 4కే అంటే 83 లక్షలు. ప్రతి ఫ్రేముకు రెండింతల కన్న ఎక్కువ పని. వాలొరాంట్ తేలికది, ఏదోలా నడుస్తది. కొత్త బరువైన గేములు 3060 మీద 4కేల పెడితే సెట్టింగులు బాగా దించాలె. గేమును 1440పికి దించి నడిపితే ఒక్కో పిక్సెల్‌ను ఒకటిన్నర రెట్లు సాగదీయాలె కాబట్టి బొమ్మ మసక పడతది. పైగ 60 హెర్ట్జ్‌ల ఫ్రేము ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 180లైతే 5.6. గురి పెట్టి కొట్టే ఆటల ఈ తేడా చేతికి తెలుస్తది.

కోదాడ_బ్యాక్‌ఎండ్

పాలమూరు అన్న చెప్పింది గేముల లెక్కన కరెక్టే. కానీ దినమంత అక్షరాలే చూసి, ఆట వారానికోపారి అయితే 27 ఇంచుల 4కే 60 హెర్ట్జ్ ఐపీఎస్ కూడ ఆలోచించు. 150 శాతం స్కేలింగ్ పెడితే జాగా 1440పి అంతే వస్తది, అక్షరం మాత్రం అచ్చేసినట్టు ఉంటది.

నువ్వు చూసిన 32 ఇంచుల వీఏ మాత్రం వద్దు. వీఏల నలుపు మంచిగుంటది నిజమే, కాంట్రాస్ట్ 3000కు 1 దాకా ఉంటది, ఐపీఎస్‌ల 1000 దగ్గర. కానీ తక్కువ ధర వీఏల ముదురు రంగులు నిదానంగ మారుతయ్. వీఎస్ కోడ్ డార్క్ థీమ్‌ల జోరుగ స్క్రోల్ చెయ్, బూడిద రంగు అక్షరాల వెనక నల్లటి మరక జారుకుంట వస్తది. 2 అడుగుల టేబుల్‌కు 71 సెంటీమీటర్ల వెడల్పు కూడ ఎక్కువే, మెడ తిప్పుకుంట చదవాలె.

పెట్టె మీద 1 ఎంఎస్ (రంగు మారే టైము, మిల్లీసెకన్లల) అని చూసి మోసపోకు. దాని పక్కన ఎంపీఆర్‌టీ అని ఉంటే, బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించి తెచ్చిన లెక్క అది. ఆ మోడ్ ఆన్ చేస్తే వెలుగు తగ్గుతది, చానా మోడళ్లల ఫ్రీసింక్ (గేము ఫ్రేములకు తగ్గట్టు తెర వేగం మార్చేది) కూడ పనిచేయదు. ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు జల్ది రంగు మారేటట్టు చేసేది) నడిమి సెట్టింగ్‌ల పెట్టు. ఆఖరి సెట్టింగ్‌ల పెడితే కదిలే వస్తువు చుట్టు తెల్లటి అంచు లేస్తది. హెచ్‌డీఆర్400 గుర్తుకు పైసలు ఎక్కువ పెట్టకు, లోకల్ డిమ్మింగ్ (తెరల ఒక్కో భాగం వెలుగు వేరుగ తగ్గించేది) లేకుంటే దానితోని ఫాయిదా లేదు.

మిర్యాలగూడ_సర్వీస్

కొన్నంక చానమంది ఆగమయ్యేది వైర్ల కాడనే. పీసీని డిస్‌ప్లేపోర్ట్‌కు పెట్టు, ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐకి. హెచ్‌డీఎంఐ 2.0ల 1440పికి 144 హెర్ట్జ్ దాకనే వస్తది. ఎన్‌విడియా కార్డుకు అడాప్టివ్ సింక్ (ఫ్రీసింక్ లాంటిదే) కూడ డిస్‌ప్లేపోర్ట్ మీదనే ఖాయంగ నడుస్తది. ల్యాప్‌టాప్ పాతదై హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్ ఉన్నా 1440పి 60 హెర్ట్జ్ వస్తది, ఆఫీసు పనికి అది చాలు.

బిగించినంక విండోస్‌ల సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు పోయి 180 నువ్వే ఎంచుకో. చానాసార్లు తనంతట అది 60 మీదనే ఉండిపోతది. హెచ్‌డీఎంఐల అక్షరాలు మసకగ, రంగులు పాలిపోయినట్టు కనబడితే గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌ల కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, రేంజ్ ఫుల్ చెయ్.

ఇగ కరెంటు. 600 వీఏ (ఇది ప్యానెల్ వీఏ కాదు, వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లే. 3060కి 170, ప్రాసెసర్‌కు 76, మానిటర్‌కు 30–40, మిగతావి కలిపితే గేమ్ నడుస్తుంటే 300 దాటుతది. హద్దుకు దగ్గరైతది కాబట్టి కరెంటు పోంగనే యూపీఎస్ కూడ ట్రిప్ కావొచ్చు. 1000 వీఏ పెట్టు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ లేకుండ మానిటర్ పెట్టొద్దు. రేకుల రూమ్ కాబట్టి ఇంకో మాట: చానా మానిటర్ల మాన్యువల్‌ల 40 డిగ్రీల దాకనే నడపమని రాసి ఉంటది. మన తాన మే నెల మధ్యాహ్నం ఆ హద్దు దాటుతది. వెనక గాలి ఆడనియ్యి, బ్రైట్‌నెస్ 100ల ఉంచకు.

ఆన్‌లైన్‌ల కొంటే ముందుగాల్నే నీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చేసే సర్వీస్ ఉన్నదో లేదో కస్టమర్ కేర్‌ను అడుగు. లేకుంటే అంత పెద్ద ప్యానెల్‌ను హైదరాబాద్ మోసుకపోవాలె. పెట్టె విప్పేది మొత్తం వీడియో తియ్, రిటర్న్ గడువుల్నే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండుగ పెట్టి చచ్చిన పిక్సెళ్లు చూడు.

క్లాక్‌టవర్_నల్గొండ

అందరికి థ్యాంక్స్ అన్నా, 1440పికే ఫిక్స్. స్టాండ్ చానా జాగా తింటదని అంటున్నరు. టేబుల్‌కు బిగించే ఆర్మ్ పెట్టొచ్చా?

మిర్యాలగూడ_సర్వీస్

పెట్టొచ్చు. మానిటర్ వెనక 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు (ఆర్మ్‌ను మరలతో బిగించేవి) ఉండాలె, స్టాండ్ తీసేసినంక మానిటర్ బరువు ఆర్మ్ మోసే హద్దుల మధ్యన ఉండాలె. హద్దు కన్న తేలికగున్నా మీదికి లేస్తది. టేబుల్ పార్టికల్ బోర్డ్ అయితే క్లాంప్ కింద, మీద ఇనుప పట్టీ పెట్టి బిగించు, లేకుంటే చెక్క లోపలికి నలిగిపోతది. గాజు టేబుల్ అయితే అసలు పెట్టకు.