డాక్‌ నుంచి డైరెక్ట్‌గా పవర్ యాంప్‌కి ఇస్తున్నా, ప్రీయాంప్ కొనాలా?

బాస్, ఒక డౌట్. డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కనెక్టర్) అవుట్ నేరుగా స్పీకర్లు నడిపే పవర్ యాంప్‌కి కలిపా, మధ్యలో వాల్యూమ్ చూసుకునే ప్రీయాంప్ లేదు, వాల్యూమ్ డాక్‌లోనే. సౌండ్ క్లీన్‌గానే ఉంది కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక తగ్గించి వింటే చప్పగా ఉంటోంది, ఒకాయన ట్యూబ్ ప్రీ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ప్రీయాంప్) పెట్టమంటాడు ఇంకొకాయన ప్యాసివ్ (సిగ్నల్ పెంచకుండా తగ్గించడం మాత్రమే చేసేది) చాలంటాడు. ఏది బెటర్?

> తక్కువ వాల్యూమ్‌లో బేస్ మన చెవికే తక్కువ వినపడుతుంది బ్రో, దానికి లక్ష పెట్టి ప్రీ కొన్నా అంతే. టోన్ కంట్రోల్ లేదా లౌడ్‌నెస్ (తక్కువ సౌండ్‌లో బేస్ పెంచే బటన్) ఉన్నది చూడు.

> ముందు గెయిన్ (యాంప్ సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో) లెక్క చూస్కో. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో డాక్ మామూలుగా 4 వోల్టులు ఇస్తుంది, నీ యాంప్ 2 వోల్టులకే ఫుల్ పవర్‌కి వెళ్తే ఎప్పుడూ వాల్యూమ్ బాగా కిందే ఉంటుంది. డాక్ డిజిటల్ వాల్యూమ్‌లో 6 డీబీ (డెసిబెల్) తగ్గిస్తే ఒక బిట్ రిజల్యూషన్ పోయినట్టే. యాంప్ వెనక గెయిన్ స్విచ్ ఉంటే తగ్గించు, ఫ్రీ.

> ప్యాసివ్ అయితే జాగ్రత్త. 10 కిలో ఓమ్‌ల పాట్ (వాల్యూమ్ తిప్పే రెసిస్టర్) అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అడ్డు) మధ్యలో 2.5 కిలో ఓమ్‌ల దాకా వస్తుంది, యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ దానికి కనీసం పది రెట్లుండాలి, కేబుల్ పొడుగైతే ట్రెబుల్ కూడా తగ్గుద్ది. ఏదీ తేల్చుకోలేకపోతే షీట్ (Schiit) కంపెనీ ప్రీయాంప్ ఫ్రేయా ప్లస్‌లో ప్యాసివ్, బఫర్ (పెంచకుండా సిగ్నల్‌కి బలమిచ్చేది), ట్యూబ్ మూడూ ఉన్నాయి, రిమోట్‌తో మార్చి వినొచ్చు. తెప్పించుకుంటే 230 వోల్టులదే అడుగు, కస్టమ్స్ వాయింపు వేరే.

థాంక్స్ అన్నా, గెయిన్ స్విచ్ ఉంది, ఇన్నాళ్లూ చూళ్లేదు. తర్వాత టర్న్‌టేబుల్ పెడితే ఆ ఫ్రేయా ప్రీ సరిపోద్దా?

> లేదు, అది లైన్ ప్రీ (డాక్ లాంటి వాటి మామూలు సిగ్నల్‌కే). టర్న్‌టేబుల్ చిన్న సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్ విడిగా కావాలి, కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) ఆ ఎంసీ (మూవింగ్ కాయిల్) ఆ తేల్చుకున్నాకే కొను.