మోయమోయ ఆపరేషన్ అయిన పాపని మళ్లీ బడికి ఎలా పంపాలి?

మాది నరసన్నపేట దగ్గర పల్లె. పాపకి ఏడేళ్లు. మెదడు రక్తనాళాలు సన్నబడిపోయే మోయమోయ జబ్బుకి రెండు నెలల క్రితం విశాఖలో కుడివైపు ఆపరేషన్ చేశారు. నెత్తి చర్మానికి రక్తమిచ్చే నాళాన్ని మెదడు మీద పరిచి కుట్టారు. దాన్నుంచి కొత్త నాళాలు పెరగడానికి నెలలు పడుతుందట. అందాకా పక్షవాతం భయం ఉంటుందన్నారు.

జబ్బు బయటపడింది చోడి అంబలి దగ్గర. వేడిగా ఉందని ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటుంటే ఎడమచేతిలో చెంచా జారిపోయింది, మూతి వంకరపోయింది. పది నిమిషాల్లో మామూలైతే దిష్టి అనుకున్నాం. అలా ఊదినా, వెక్కివెక్కి ఏడ్చినా మెదడు నాళాలు ముడుచుకుంటాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు అంబలి చల్లార్చే ఇస్తున్నాం. కానీ చిన్నపిల్ల ఏడవకుండా ఎలా ఉంటుందండీ?

ఆస్పిరిన్ రోజూ వేస్తున్నాం. ఒంట్లో నీరు తగ్గకూడదన్నారు. మొన్న విరేచనాలైతే రాత్రంతా ఓఆర్‌ఎస్ చెంచాతో పడుతూ కూర్చున్నాను, తెల్లారగానే శ్రీకాకుళం తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు చెప్పండి. బడిలో టీచరుకి ఏమని చెప్పారు? ఎండాకాలం నీళ్లు ఎలా గుర్తుపెట్టి తాగించారు? ఫ్లూ, ఆటలమ్మ వస్తే ఆస్పిరిన్ గురించి మీ డాక్టరు ఏమన్నారు? ఎడమవైపు కూడా చేయాలంటున్నారు, మీరు రెండింటి మధ్య ఎన్నాళ్లు ఆగారు? అర్ధరాత్రి చెయ్యి పడిపోతే 108లో ముందు శ్రీకాకుళం వెళ్లాలా, నేరుగా విశాఖకేనా?